టేపు మామ ఇంట్లో సవతిపోరు

లెక్కల మాస్టారి గోధుమరంగు ప్యాంటుకు ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయింది.

జరిగిందేమిటంటే, మాస్టారు రెండు కాళ్ళూ రెండేసి వేళ్ళ మేర తగ్గించమన్నారు. టైలరు ప్యాంటును బల్ల మీద పరిచి, సుద్దతో గీత గీసి, మొదటి కాలు కత్తిరించాడు. అంతలో మడమకు ఏదో మెత్తగా తగిలింది. వంగి చూసి, తగిలినదాన్ని నాలుగు మాటలు అన్నాడు. తర్వాత లేచి, మళ్ళీ సుద్ద తీసుకుని, ముట్టుకోని కాలిని అలాగే ఉంచి, ఇందాక కత్తిరించిన కాలినే ఇంకోసారి కొలిచి కత్తిరించాడు. చెయ్యి బాగా కుదిరిన రోజది; రెండో కోత మొదటిదానికంటే నున్నగా వచ్చింది. సంగతి ఇస్త్రీ దగ్గర బయటపడింది. పొట్టి కాలిని పొడుగు చెయ్యడం ఏ టైలరుకూ రాదు కాబట్టి, పొడుగు కాలిని కూడా పొట్టి చేసి, రెండూ సమానమయ్యాక కొక్కేనికి తగిలించి, మాస్టారి కోసం ఎదురుచూశాడు.

మాస్టారు వచ్చారు. తెర వెనక్కి వెళ్ళి ప్యాంటు తొడుక్కుని బయటకొచ్చి, తన మేజోళ్ళను తాను చూసుకున్నారు. మామూలుగా అవి ఆయనకు కనిపించవు.

"ఇది రెండు వేళ్ళా?"

"రెండు వేళ్ళే సార్. కాకపోతే రెండుసార్లు."

"ఎందుకయ్యా రెండుసార్లు?"

టైలరు నేల మీదకి వేలు చూపించాడు. బల్ల కాళ్ళ మధ్య నుంచి నల్లగా, గుండ్రంగా, మూత పెట్టిన గిన్నెలాంటిదొకటి గుయ్‌మంటూ బయటికి వస్తోంది. "వాడి వల్ల. నేను కత్తెర పట్టుకున్నప్పుడే వచ్చి తగులుకుంటాడు. కావాలనే."

వెంటనే లోపలి గదిలోంచి భార్య గొంతు వినిపించింది. "ఏమండీ, వాణ్ణెందుకు అంటారు? పాపం, వాడి దారిన వాడు పోతున్నాడు."

గుండ్రటిది మాస్టారి బూటుకు తగిలి, ఆగి, వెనక్కి జరిగి, పక్క నుంచి పోయింది. కోపంతో ఊగిపోతున్న మాస్టారు కాలు వెనక్కి తీసుకుని, "సారీ అమ్మా," అన్నారు.

టైలరు నోరు తెరిచి చూశాడు. ఇన్నేళ్ళుగా ఆయన ప్యాంట్లు కుడుతున్నాడు. కొలతలకి నిలబడమంటే కదులుతారు, కదిలి తప్పు నీదే అంటారు, ఒకసారి బల్ల మీది సుద్దడబ్బాని మోచేత్తో కింద పడేసి "ఇక్కడెందుకు పెట్టావు" అని కూడా అడిగారు. సారీ అన్న మాట ఆయన నోట ఇదే వినడం. అదీ గిన్నెకి.

"భలే ముచ్చటగా ఉందే," అన్నారు మాస్టారు, పొట్టి ప్యాంటులోనే కూర్చుని దాన్ని చూస్తూ. చివరికి టైలరు తన గుడ్డతో తనే ఇంకో ప్యాంటు కుట్టి ఇచ్చేట్టు ఒప్పందమయింది. గిన్నెని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

ఈ టైలరుని వీధిలో అందరూ టేపు మామ అంటారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. పెళ్ళిఫోటోలో కూడా కోటు కాలరు కింద నుంచి పసుపుపచ్చగా ఒక కొస కనిపిస్తుంది; ఆ కోటు తనే కుట్టుకున్నాడు, చివరి నిమిషం దాకా సర్దుకుంటూనే ఉన్నాడు. మామ భార్య కాబట్టి ఆవిడ అందరికీ అత్త అయింది. ముందుగది కొట్టు, వెనకగది, వంటిల్లు కాపురం. కొట్లో కిటికీ పక్కన నల్లటి కాలిమిషను, మధ్యలో కత్తిరించే బల్ల, గోడ దగ్గర అత్త కూర్చునే పొట్టి స్టూలు.

ఆ స్టూలు సంగతి కాస్త చెప్పాలి. మామ చొక్కా కుడితే దర్జాగా ఉంటుంది గానీ గుండీ కుడితే నిలవదు. గుడ్డకి అతుక్కుపోయేట్టు బిగించేస్తాడు, కాజాలోకి పోనంటుంది, లాగితే ఊడి చేతికొస్తుంది. అత్త చెయ్యి వేరు. గుండీ కింద పూచికపుల్ల అడ్డం పెట్టి కుట్టి, పుల్ల తీసేసి, ఆ వదులు చుట్టూ దారం చుట్టి ముడి వేస్తుంది. గుడ్డ చిరగాలేగానీ గుండీ ఊడదు. అందుకని భోజనాలయ్యాక ఆవిడ స్టూలు మీద కూర్చుని గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకునేది. మామ మిషను తొక్కేవాడు. ఆవిడ వీధి కబుర్లన్నీ చెప్పేది. ఎవరికి ఎవరితో చెడింది, ఎవరి మేనకోడలు ఏం వాగింది. మామ "ఊఁ" అనేవాడు. వినడం లేదనుకునేవారు చూసినవాళ్ళు. అన్నీ వినేవాడు. రోజంతా కస్టమర్లతో వాళ్ళ పొట్ట చుట్టుకొలతలు తప్ప వేరే మాట లేని మనిషికి అదే రేడియో, అదే పేపరు.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు లేవు. గిన్నె వచ్చిన దగ్గర్నుంచీ లేవు.

తెచ్చింది కూతురు. ఆ పిల్ల పక్కవీధిలో కాపురముంటూ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. తల్లి మోకాలు వాచిపోయి వంగి ఊడవలేకపోతుంటే చూడలేక ఊడ్చే రోబో ఒకటి కొనుక్కొచ్చింది. "అమ్మా, నువ్వేం చెయ్యక్కర్లేదు. భోజనాలయ్యాక దానంతటదే బయల్దేరుతుంది," అంది. అది నిజమే. కాకపోతే అత్త కూడా దానితోపాటు బయల్దేరింది.

మొదట్లో దారి చూపించడానికి వెంట నడిచేది. చెప్పులు తీసేది, కుర్చీ జరిపేది. తర్వాత మాటలు మొదలయ్యాయి. దానికి చిన్నపిల్లల గొంతు ఒకటి పెట్టారు తయారుచేసినవాళ్ళు. "పని మొదలుపెడుతున్నాను," అంటుంది. మంచం కింద చిక్కుకుంటే, "నేను ఇరుక్కుపోయాను, కాస్త సాయం చేయండి," అంటుంది. బ్యాటరీ అయిపోవస్తే, "ఇంటికి వెళ్తున్నాను," అని వెనకగదిలో గోడకున్న తన చార్జింగ్ పీట దగ్గరికి పోయి ఆగుతుంది. వారం తిరిగేసరికి అత్త దానికి గుండుబాబు అని పేరు పెట్టేసింది.

"చూశారా, ఎంత బుద్ధిమంతుడో. ఆకలేస్తే తనే ఇంటికి పోయాడు. మిమ్మల్ని భోజనానికి ఎన్నిసార్లు పిలవాలి?"

మామ మిషను తొక్కాడు.

"తగిలితే తప్పుకుంటాడు చూడండి. మొండికెయ్యడు."

మామ ఇంకాస్త గట్టిగా తొక్కాడు.

"నా మోకాలు నొప్పని వాడికి తెలుసండీ. నా దగ్గరికొచ్చేసరికి మెల్లగా తిరిగి పోతాడు."

"గోడ దగ్గరా అంతే తిరుగుతాడు. గోడకి మోకాళ్ళున్నాయా?"

"మీకేం తెలుసు," అంది అత్త, చాపకొన మడిచి వాడికి దారి ఇస్తూ.

గుండీల డబ్బా మీద దుమ్ము పడింది. మామే గుండీలు కుట్టాడు. అవి ఒక్కొక్కటే ఊడి తిరిగొచ్చాయి. ఒకావిడ చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇదివరకు గుండీలు కుట్టిన చెయ్యి ఏమైంది?" అనడిగింది. "తిరుగుళ్ళు మరిగింది," అన్నాడు మామ. ఆవిడకి అర్థం కాలేదు.

ఎదురుగా తాళంచెవులు చేసే ఆయన ఉన్నాడు. మామని బావా అంటాడు, చుట్టరికమేం లేదు. టీ తాగుతూ మామ మొహం చూసి కదిపాడు.

"ఏం బావా, మొహం గంటు పెట్టుకున్నావు?"

"ఇంట్లో ఇంకొకడు దిగాడు."

తాళాలాయన గ్లాసు కింద పెట్టాడు. "ఎవడు?"

"పొద్దున వాణ్ణి బట్టతో తుడుస్తుంది. మధ్యాహ్నం వాడి వెనకాల తిరుగుతుంది. సాయంత్రం వాడికి చార్జింగ్ ఎక్కిందా లేదా అని చూస్తుంది."

"ఓ, వాడా. నీకెప్పుడైనా చార్జింగ్ ఎక్కిందా అని చూసిందా?"

"అదే నేననేది."

"పోనీలే బావా, అది మిషను. దానికేం తెలుసు?"

"దానికి తెలియదా? నన్ను చూస్తే వాడి నడకే మారిపోతుంది. మీ అక్క ఎదురుగా ఉంటే బుద్ధిగా వరసలో పోతాడు. తను అటు తిరిగిందా, నా కాళ్ళ మీదకొస్తాడు."

తాళాలాయన టీ అయిపోయినట్టు లేచాడు.

కూతురి దగ్గరా మొత్తుకున్నాడు. ఆ పిల్ల మొత్తం విని, "నాన్నా, నీకు కుళ్ళు," అని తేల్చేసింది, రక్తం చూసి జబ్బు పేరు చెప్పినట్టు.

నిజానికి ఆ ఇంట్లో గుండుబాబుని మనిషి కింద జమకట్టింది అత్త ఒక్కతే కాదు. ఆవిడ వాడికి మంచితనం అంటగట్టింది, అంతే. జిత్తులు, వేషాలు, మనసులో పెట్టుకుని సాధించడం, ఇవన్నీ అంటగట్టింది మామ. ఆ సంగతి ఆయనకి తట్టలేదు.

మొదట వెనకగది వైపు తలుపు వేసి చూశాడు. గుండుబాబు తలుపుకి మెత్తగా తగులుతూ ఉంటే అత్త వచ్చి తెరిచింది. "బయట నిలబెట్టేశారా వాణ్ణి?" అంది. తర్వాత దారిలో గుడ్డల మూట పెట్టాడు. అది మూట చుట్టూ తిరిగి పోయింది. "ఎంత ఓర్పో," అంది అత్త. అడ్డుపెట్టిన ప్రతిదీ వాడి గొప్పతనానికే సాక్ష్యమైపోతోంది. ఇక మిగిలింది మామకి బాగా తెలిసిన వస్తువొక్కటే.

దారం.

ఆ రోజు భోజనాలయ్యాక అత్త పొయ్యి తుడుస్తోంది. గుండుబాబు "పని మొదలుపెడుతున్నాను," అని బయల్దేరాడు. మామ అరలోంచి ఎర్ర కాజాదారం ఉండ తీసి, మూరెడు మూరెడు చొప్పున తెంపి, చిందరవందరగా కలిపి, బల్ల కింద వదిలేసి మిషను ముందు కూర్చున్నాడు. కుట్టడానికి ఏమీ లేక ఒక పీలిక మీద గీతలు తొక్కాడు.

గుయ్‌మనే చప్పుడు బల్ల కిందకొచ్చింది. గుర్రుమంది. ఆగిపోయింది. "నేను ఇరుక్కుపోయాను," అంది పిల్లగొంతు. "కాస్త సాయం చేయండి."

మామ పెడలు మీంచి కాలు తియ్యలేదు.

"కాస్త సాయం చేయండి."

అది ఎవర్ని అడుగుతున్నట్టు? గదిలో ఉన్నది తనొక్కడే. మామకి వీపు మీద ఎవరో చూస్తున్నట్టనిపించింది. తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అత్త వచ్చింది. తిట్టలేదు, అడగలేదు. బల్ల అంచు పట్టుకుని, వాచిన మోకాలు చాపుకుంటూ, మెల్లగా నేల మీద కూర్చుంది. ఆ మోకాలితో ఆవిడ నేల మీద కూర్చుని ఎన్నాళ్ళయిందో. గుండుబాబుని వెల్లకిలా ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి పైకి చాపి, మామ దారాలు తెంపే చిన్న కత్తెర తీసుకుంది. ఆ కత్తెరతో ఇంకో పని చేస్తే మామ ఇల్లు పీకి పందిరేస్తాడు. ఇవాళ నోరు లేవలేదు.

బ్రష్షుకి చుట్టుకున్న దారాన్ని ఒక్కొక్క పోగే కోసి, పక్కన పేర్చింది. అన్నీ అయ్యాక ఒక పోగు పట్టుకుని వెలుతురుకి చూసింది.

"కింద పడే దారాలు పొట్టిగా ఉంటాయి కదండీ?"

"ఊఁ."

"ఇది మూరెడుంది. కాజాదారం. ఎర్రది."

"ఊఁ."

"ఈ మధ్య ఎర్ర చొక్కా ఎవరిది కుట్టారు?"

మామ పీలిక తిప్పి రెండోవైపు కుట్టసాగాడు. కాసేపటికి, "అది మిషనే. దానికేమన్నా నొప్పా?" అన్నాడు.

"మిషనా," అంది అత్త. అప్పటిదాకా మెత్తగా ఉన్న గొంతు మారింది. వేలెత్తి కిటికీ పక్కకి చూపించింది. "మరి అదేమిటి?"

మామ తన నల్ల మిషను వైపు చూశాడు. అదేమిటో ఆయనకి వెంటనే చెప్పబుద్ధి కాలేదు.

"మన పెళ్ళైన కొత్తలో మీరు ఈ గదిలోంచి, 'బంగారం, ఒకసారి ఇలా చూడు,' అన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. చేతులు కడుక్కుని, జుట్టు సర్దుకుని మరీ వచ్చాను. గడపలో నిలబడ్డాను. మీరు తలెత్తలేదు. దాని సూది కింద నూనెచుక్క వేస్తున్నారు. ఏం కావాలని అడిగాను. నిన్ను కాదులే, అన్నారు."

"అన్నానా?"

"అన్నారు. అది దారం తెంపితే 'ఏం, అలిగావా' అని అడుగుతారు. వానాకాలం వస్తే దానికి ముఖమల్ గుడ్డ కప్పుతారు. నాకు జ్వరమొచ్చినప్పుడు దుప్పటెక్కడుందని నన్నే లేపి అడిగారు. ఇన్నేళ్ళూ నేనేమన్నా అన్నానా? దాని మెడలో దారాలు పోశానా?"

మామకి ఒక సంగతి గుర్తొచ్చింది. అత్త ఇల్లంతా తుడుస్తుంది. బల్ల తుడుస్తుంది, కిటికీ ఊచలు తుడుస్తుంది, ఆఖరికి తాళాలాయన బోర్డు మీద దుమ్మున్నా దులుపుతుంది. ఈ మిషను మీద మాత్రం ఒక్కనాడూ చెయ్యి వెయ్యలేదు. 'మా ఆవిడకి నా మిషనంటే అంత గౌరవం, చెయ్యి కూడా వెయ్యదు,' అని మామ కస్టమర్లకి చెప్పుకుని మురిసిపోయేవాడు.

"అయితే గౌరవం కాదన్నమాట," అన్నాడు.

"నాకూ దానికీ మాటల్లేవు," అంది అత్త.

తర్వాత అత్త లేవబోయి, లేవలేక, "పట్టండి," అంది. మామ వెళ్ళి చంకల కింద చేతులు వేసి లేపాడు. లేచాక కూడా ఆవిడ ఒక చేత్తో గుండుబాబుని వదల్లేదు. మధ్యలో వాణ్ణి పెట్టుకుని నిలబడాల్సి వచ్చింది. కింద పెట్టగానే వాడు, "పని మొదలుపెడుతున్నాను," అని, ఎవరి మీదా కోపం లేనట్టు వెళ్ళిపోయాడు. అదే మామకి మరీ కష్టంగా తోచింది. కనీసం అలిగినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే మామ కూతురికి ఫోన్ చేసి, "ఆ చార్జింగ్ పీట ఒకచోట నుంచి ఇంకోచోటికి మారిస్తే వాడు దారి తప్పుతాడా?" అని అడిగాడు. తప్పడంది. "నీకు వాడి మీద అంత బెంగ ఎప్పట్నుంచి నాన్నా?" అని కూడా అంది. ఫోన్ పెట్టేశాడు.

వెనకగదిలోంచి పీట పీకి తెచ్చి, ముందుగదిలో గోడ దగ్గర, సరిగ్గా అత్త స్టూలు కింద బిగించాడు. వాడు ఎక్కడికి చేరితే తనూ అక్కడికి చేరుతుంది. మామ లెక్క అంతే. కానీ ఒక చిక్కుంది. టైలరు కొట్లో నేలంటే దారాలు, పీలికలు, గుండుసూదులు. ఇవన్నీ వాడికి పడవు. మామ చీపురు తీసుకున్నాడు. చీపురుకి రానివి చేత్తో ఏరాడు. సూదులకి పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చాడు. జీవితంలో మొదటిసారి తన బల్ల కింద ఎలా ఉంటుందో చూశాడు. ఇన్నాళ్ళూ అది ఎవరు శుభ్రం చేసేవారో కూడా అక్కడే, మోకాళ్ళ మీద ఉండగా తట్టింది.

భోజనాలయ్యాయి. గుండుబాబు ఇల్లంతా తిరిగి, "ఇంటికి వెళ్తున్నాను," అని ముందుగదిలోకొచ్చాడు. వెనకాలే అత్త వచ్చింది. స్టూలు కింద పీట చూసింది.

"ఇక్కడ పెట్టారేం?"

"ఇక్కడ ప్లగ్గు బాగుంది."

అత్త ప్లగ్గు వైపు చూసింది, మామ వైపు చూసింది. స్టూలు మీద కూర్చుంది. కాళ్ళ దగ్గర గుండుబాబు పచ్చలైటు వెలిగించుకుని సద్దుమణిగాడు. గుండీల డబ్బా మూత మీద దుమ్ము ఊది, ఒళ్ళోకి తీసుకుని, "ఈ గుండీలెవరు కుట్టారు, గోడకి మేకు దిగ్గొట్టినట్టు," అంటూ ఒక చొక్కాకి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆ వెంటనే ఎవరి మేనకోడలు ఏం వాగిందో చెప్పడం మొదలుపెట్టింది. చాలా పోగుపడ్డాయి.

"ఊఁ," అన్నాడు మామ. మధ్యలో ఒకసారి, "గుండూ, ఇది విన్నావా," అని అత్త కిందకి వంగి అనేసరికి మామ పెడలు మీద కాలు బిగుసుకుంది. ఓర్చుకున్నాడు. కబురు ముందు తనకే చెప్పింది కదా.

సాయంత్రం లేచేటప్పుడు అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని మిషను పక్కన ఆగింది. చేతిలో తుడుపుగుడ్డ ఉంది. "చక్రం మీద దుమ్ముంది," అని గోడతో అన్నట్టు అని, ఒక్కసారి తుడిచి వెళ్ళిపోయింది. మామ ఆ చక్రం వంక చాలాసేపు చూశాడు.

కొత్త ప్యాంటు కోసం మాస్టారు వచ్చింది ఆ మర్నాటి మధ్యాహ్నం. అత్త స్టూలు మీద కూర్చుని ఆ ప్యాంటుకే గుండీ కుడుతోంది. స్టూలు కింద పచ్చలైటు మెల్లగా వెలుగుతూ ఆరుతోంది. మామ కనిపించలేదు. మాస్టారు వంగి చూస్తే బల్ల కింద, మెడలో టేపు నేల మీద ఈడుస్తూ, అయస్కాంతం పట్టుకుని పాకుతున్నాడు. "గుండుకి సూదులు పడవని ఏరుతున్నారు," అంది అత్త.

ఆవేళ మాస్టారు వేసుకొచ్చింది ఆ పొట్టి ప్యాంటే. వీధిలో ఎవరో ఏదో అన్నట్టున్నారు. సారీలు చెప్పే మూడ్‌లో లేరు.

"పొద్దుటికల్లా తయారుగా ఉంటుందన్నావు. ఇంకా గుండీ పడలేదు, ఇస్త్రీ లేదు. నన్ను నిలబెట్టి నువ్వు దాని కోసం సూదులేరుకుంటున్నావా? ఎంత ముచ్చటగా ఉంటే మాత్రం, అది వట్టి మిషనయ్యా, వట్టి మిషను."

అత్త సూది ఆగింది. మామ బల్ల కింద నుంచి బయటికొచ్చి, మోకాళ్ళు దులుపుకుని, ఒకసారి స్టూలు కిందకి చూశాడు, ఒకసారి కిటికీ పక్కకి చూశాడు. ఒక చెయ్యి నల్ల మిషను మీద వేసి, మాస్టారి దగ్గరగా వంగాడు.

"కాస్త మెల్లగా అనండి సార్, వినేవాళ్ళు ఇక్కడ ఇద్దరున్నారు."